ఆజ్ఞకు ముందు ఆదరణ

(వేసవి స్కౌటు శిబిరములకు బయలుదేరు యువకార్యకర్తలను, వారి తల్లిదండ్రులను ఉద్దేశించి బెల్లంకొండలో చేసిన ప్రసంగము)



వేసవి సెలవులు సమీపించినవి. మన పిల్లలు కొందరు స్కౌట్సు, గైడ్సు శిబిరములకు వెళ్ళుదురు. వారిని నడిపించుటకు మన ఊళ్ళ యువకులు, యువతులు కొందరు కార్యకర్తలుగా వెళ్ళుదురు. పిల్లవాడు ఏమి తినెను, ఎచ్చట పరుండెను అని తల్లి పదిమార్లు విచారించును. ఆ పిల్లవానికి అన్నము వడ్డించిన కార్యకర్త తినెనా, రాత్రి కన్ను మూసెనా అని విచారించువారు అరుదు. నేడు మనము విచారింపదలచినది ఈ విషయమే. శిబిరమున సేవ చేయువారినుండి ప్రతిదినము మనము ఏమి ఆశింపవలెను? ఆశించుటకు ముందు వారికి మనము ఏమి ఈయవలెను?

ఇది లౌకిక విషయము గదా, దేవాలయమున దీనికేమి పని యని కొందరికి తోచవచ్చును. పరుల బిడ్డలను నమ్మకముతో అప్పగించుకొని, వారిని క్షేమముగా తిరిగి అప్పగించుటకంటె గొప్ప ధర్మకార్యము వేరొకటి ఉన్నదా? మన ఇతిహాస పురాణములలో ఈ విషయము ఎంత సూక్ష్మముగా చెప్పబడినదో చూచినచో ఈ శంక నిలువదు.

దశరథుని భయము

శ్రీమద్రామాయణము బాలకాండమున విశ్వామిత్ర మహర్షి అయోధ్యకు వచ్చి యాగరక్షణకై శ్రీరాముని పంపుమని అడిగెను. దశరథ మహారాజు తల్లడిల్లెను. పిల్లవానికి ఇంకను పదునారేండ్లు నిండలేదనెను. యుద్ధవిద్య చాలదనెను. కావలెనన్న సేనతో నేనే వత్తుననెను. లోకమును పాలించిన చక్రవర్తియైనను తండ్రి తండ్రియే. నేడు బిడ్డను శిబిరమునకు పంపు ప్రతి తండ్రి హృదయమునందును ఆ దశరథుడే ఉన్నాడు.

అప్పుడు వసిష్ఠ మహర్షి ఏమి చేసెను? రాజును నోరు మూసుకొమ్మనలేదు. తీసికొనిపోవువాడు ఎట్టివాడో, అతని శక్తి ఎంతటిదో, అతని చేతిలో బిడ్డ ఎందుకు క్షేమముగా ఉండునో విశదముగా చెప్పెను. అది విన్న పిమ్మటనే దశరథుని మనస్సు కుదుటబడెను. కనుక తల్లిదండ్రులు శిబిరమును గూర్చి ప్రశ్నలు అడుగుట అపనమ్మకము కాదు. పిల్లలను చూచువారు ఎవరు? ఎంతమంది పిల్లలకు ఎందరు పెద్దలు? వైద్యసహాయము ఎంత దూరము? ఈ ప్రశ్నలకు ప్రసన్నముగా సమాధానము చెప్పుట నిర్వాహకుల మొదటి విధి.

విశ్వామిత్రుని క్రమము

తరువాతి కథ ఇంకను విలువైనది. విశ్వామిత్రుడు రామలక్ష్మణులను వెంటబెట్టుకొని సరయూతీరమున ఒకటిన్నర యోజనము నడిచెను. నడిచిన వెంటనే చేసిన మొదటి పని ఏమి? రాక్షసులను చంపుమని ఆజ్ఞాపించెనా? లేదు. బల, అతిబల అను విద్యలను ఉపదేశించెను. ఆకలిదప్పులు బాధింపకుండుటకు, అలసట కలుగకుండుటకు, నిద్రలోనైనను శత్రువు పైబడకుండుటకు అవి ఉపకరించునని చెప్పెను. ఆ రాత్రి ఆ రాకుమారులు అలవాటులేని గడ్డిపాన్పుపై పరుండిరి. మహర్షి లాలించు మాటలచేత వారికి ఆ రాత్రి సుఖముగా గడచెను. తెల్లవారుజామున నిద్రలేపినదియు ఆయనయే. దారిపొడవునను ఎదురైన ప్రతి నదిని గూర్చి, ప్రతి వనమును గూర్చి కథలు చెప్పెను. తాటకను ఎదిరింపవలసినప్పుడు సైతము ఆమె ఎవరో, ఆ పని ఏల చేయవలెనో వివరించిన తరువాతనే ఆజ్ఞ ఇచ్చెను. దివ్యాస్త్రములను ఇచ్చిన తరువాతనే సిద్ధాశ్రమమున కావలి నిలిపెను. అప్పుడా బాలురు ఆరు దినములు నిద్రమాని యాగమును కాచిరి.

ఈ క్రమమును గమనింపుడు. మొదట శక్తి, పిదప విశ్రాంతి, పిదప వివరణ, పిదప సాధనములు, చివరకు కార్యము. రామలక్ష్మణులు ఆరు రాత్రులు మేలుకొనిరి గదా, మా కార్యకర్తలు మేలుకొనరాదా యనువారు ఈ కథలో చివరి పుటను మాత్రమే చదివినవారు. బల, అతిబలలను ఈయక సిద్ధాశ్రమపు కావలిని అడుగుట విశ్వామిత్రుని మార్గము కాదు.

స్కౌటు ఉద్యమము

ఇక స్కౌటు ఉద్యమమును గూర్చి నాలుగు మాటలు. 1907వ సంవత్సరము ఆగస్టు నెలలో ఇంగ్లాండు దక్షిణతీరమునందలి బ్రౌన్‌సీ ద్వీపమున బేడెన్ పవెల్ అను సేనాని ఇరువదిమందికి పైగా బాలురతో తొలి శిబిరమును నడిపెను. సంపన్నుల బిడ్డలును, సామాన్యుల బిడ్డలును అందు కలిసియుండిరి. బాలురను నాలుగు చిన్న దళములుగా చేసి, ఒక్కొక్క దళమునకు వారిలో ఒకనినే నాయకునిగా నిలిపెను. పెద్దలకు శిక్షణ లేనిదే పిల్లలకు రక్షణ లేదని గ్రహించి, 1919లో లండను చెంత గిల్వెల్ పార్కులో స్కౌటుమాస్టరులకే శిక్షణ ప్రారంభించిరి. పిల్లలకు నేర్పవలసిన పెద్దలు తామే పిల్లలవలె దళములుగా ఏర్పడి, గుడారములలో ఉండి నేర్చుకొనిరి. ఇది మనము మరువరాని విషయము.

మన దేశమున 1916లో మద్రాసునందు అనీబిసెంటు భారతీయ బాలురకై స్కౌటు సంఘమును నెలకొల్పెను. అలహాబాదు కేంద్రముగా మదనమోహన మాలవీయ, హృదయనాథ కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయి గారలు సేవాసమితి దళములను పెంపొందించిరి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట వేర్వేరు సంఘములు ఒక్కటియై 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడెను. దైవమునకు, దేశమునకు విధిని నిర్వర్తించుట, ఇతరులకు సహాయపడుట, స్కౌటు నియమమును పాటించుట అని వారి ప్రతిజ్ఞ. వయస్సు వచ్చిన రోవర్ల ధ్యేయవాక్యము సేవ యను ఒక్క మాటయే. మన భక్తిమార్గమునకు ఇది ఎంత దగ్గరగా ఉన్నదో వేరుగా చెప్పనక్కరలేదు.

కార్యకర్త దినచర్య

శిబిరమున కార్యకర్తనుండి ఆశింపదగిన విధులను మొదటిదినముననే, పిల్లలు రాకపూర్వమే, అందరిని కూర్చుండబెట్టి స్పష్టముగా చెప్పవలెను. వ్రాసి గోడకు అంటింపవలెను. చెప్పని విధిని చేయలేదని మందలించుట అన్యాయము.

మన పల్నాటి వేసవి సామాన్యమైనది కాదు. రాష్ట్రమున అత్యధికమైన ఎండలకు పేరుపడిన రెంటచింతల మన ప్రాంతముననే ఉన్నది. కనుక ఇచ్చటి శిబిరపు దినచర్య సూర్యుని అనుసరించి సాగవలెను. తెల్లవారుజామున అయిదు గంటలకు మేలుకొలుపు. కార్యకర్త పిల్లలకంటె అరగంట ముందు లేచి, త్రాగునీటి తొట్టెలను, మరుగుదొడ్లను, వంటశాలను చూచుకొనవలెను. వ్యాయామము, గుడారముల తనిఖీ, పతాకవందనము, ఎండలో జరుగు ఆటలు ఉదయము తొమ్మిది గంటలలోపల ముగియవలెను. పదకొండు మొదలు నాలుగు వరకు నీడను విడువరాదు. ముడులు కట్టుట, ప్రథమచికిత్స, పటము చదువుట మొదలగునవి ఆ వేళకు తగినవి. సాయంకాలము మరల ఆటలు. రాత్రి నెగడు చుట్టును కూర్చుండి పాటలు, కథలు. తొమ్మిదిన్నరకు దీపములు ఆర్పవలెను.

ఈ మధ్యలో కార్యకర్త మరువరానివి కొన్ని గలవు. భోజనమునకు ముందు, నిద్రకు ముందు, ఏ చోటినుండియైనను కదలునప్పుడు పిల్లల తలలు లెక్కింపవలెను. దాహము వేయకున్నను నీరు, ఉప్పు వేసిన మజ్జిగ త్రాగించుచుండవలెను. విరేచనములు పట్టుకొన్న పిల్లవానికి లీటరు శుభ్రమైన నీటిలో ఆరు సమమైన చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా త్రాగింపవలెను. ఒంటిపై వేడి విపరీతమై మాట తడబడినచో వడదెబ్బగా తలచి వెంటనే నీడకు చేర్చి, తడిగుడ్డలతో ఒడలు తుడుచుచు 108 వాహనమును పిలువవలెను. కృష్ణానది ఒడ్డునకు, పులిచింతల జలాశయపు నీటి దరికి పిల్లలను ఈత పేరిట కొనిపోరాదు. పైకి నిలుకడగా కనుపించు నీటిక్రింద ఎంత లోతున్నదో, ఎచ్చట బురదయున్నదో ఒడ్డున నిలిచినవానికి తెలియదు.

ఆరుణి కథలో మరచిన భాగము

మహాభారతము ఆదిపర్వమున ధౌమ్య మహర్షి శిష్యుడగు ఆరుణి కథ అందరికిని తెలిసినదే. గురువు పొలముగట్టు తెగకుండ కాపాడుమనెను. నీరు ఆగకపోగా ఆరుణి తన దేహమునే గండికి అడ్డుగా పెట్టి పడియుండెను. శిష్యుని గురుభక్తిని గూర్చి వందలమార్లు చెప్పుకొందుము. కాని ఆ కథలో గురువు చేసిన పనిని మరచిపోవుదుము. సాయంకాలము ధౌమ్యుడు ఆరుణి ఎక్కడ అని అడిగెను. మీరే పొలమునకు పంపితిరని మిగిలిన శిష్యులు చెప్పిరి. రేపు చూతములే యని మహర్షి పరుండలేదు. శిష్యులను వెంటబెట్టుకొని తానే పొలమునకు వెళ్ళి, నాయనా ఆరుణీ, ఎక్కడ ఉన్నావని పేరుపెట్టి పిలిచెను. ఆ పిలుపు విని శిష్యుడు లేచి వచ్చెను.

పనికి పంపినవాడు సాయంకాలము లెక్క చూడవలెను. తిరిగి రానివానిని వెదకుచు తానే వెళ్ళవలెను. ఇది పిల్లలకు మాత్రమే కాదు, కార్యకర్తలకును వర్తించును. పగలంతయు పనిచేసిన పందొమ్మిదేండ్ల యువకుడు రాత్రి భోజనమునకు రాలేదనుకొందము. అతడు ఏ గండికి తన దేహమును అడ్డుపెట్టి పడియున్నాడో శిబిరాధిపతి విచారింపవలెను. ఆరుణి వంటివారు తమంతట తాము అలసితిమని చెప్పరు. మంచివారితో ఉన్న చిక్కు ఇదియే. పిలుచువరకు వారు గండినుండి లేవరు.

గుర్రములకు నీరు

ద్రోణపర్వమున మరియొక దృశ్యము కలదు. సూర్యాస్తమయములోపల సైంధవుని వధింపవలెనని అర్జునుడు ప్రతిజ్ఞ చేసిన దినమది. ఒక్క క్షణమైనను వృథా చేయరాదు. అయినను నడిమధ్యాహ్నము రథము ఆగెను. గుర్రములు బాణములు నాటి, దప్పికతో సొలసియుండెను. అర్జునుడు భూమిని బాణముతో భేదించి సరస్సును కల్పించెను. శ్రీకృష్ణ పరమాత్మ గుర్రములను విప్పి, వాని ఒంటినుండి బాణములను తీసి, చేతులతో నిమిరి, నీరు త్రాపి, మేపి, మరల పూన్చెను. శత్రుసేన చుట్టుముట్టియుండగా, సర్వజ్ఞుడైన సారథికి ఆ సమయము వృథా యని తోచలేదు. ఆ విశ్రాంతివలననే ప్రతిజ్ఞ నెరవేరెను.

మన శిబిరములలో పని ఎంత తొందరదైనను కురుక్షేత్రముకంటె తొందరది కాదు. కనుక ప్రతి కార్యకర్తకును రాత్రి ఏడు గంటల నిద్ర దక్కునట్లు కావలి వంతులు వేయవలెను. రాత్రి రెండు జాములు కావలి కాచినవానిని ఉదయము వ్యాయామమునకు నిలుపరాదు. పగటిపూట ప్రతివానికి రెండు గంటలు పిల్లల బాధ్యత లేని విరామము ఉండవలెను. పిల్లలతోపాటు వేడిగా భోజనము పెట్టవలెను. చివరకు మిగిలిన చల్లారిన అన్నము కార్యకర్తకు ప్రసాదమని సరిపెట్టుట ధర్మము కాదు. వారము మించిన శిబిరమున ఒక పూర్తిదినము సెలవు ఈయవలెను. రాత్రి దీపములు ఆర్పిన పిమ్మట పావుగంటసేపు కార్యకర్తలందరును కూర్చుండి, నేడు ఏది బాగుగా జరిగినది, ఏది భారమైనది అని చెప్పుకొనవలెను. ఆ పావుగంటలో ఎవరిని మందలింపరాదు. వినుటకు మాత్రమే ఆ సమయము.

అలసిన కార్యకర్త చెడ్డవాడు కాడు. కాని అలసట ఓర్పును తినివేయును. మూడు రాత్రులు నిద్రలేనివాడు నాలుగవ దినమున ఒక పిల్లవానిపై చేయి ఎత్తవచ్చును. లెక్కలో ఒక తలను మరువవచ్చును. అప్పుడు మనము ఆ యువకుని నిందింతుము. అతనిని నిద్రపోనీయనివారెవరని అడుగము.

పిల్లల పవిత్రత

ఒక విషయమున మాత్రము ఎట్టి అలసటయు సాకు కారాదు. అది పిల్లల దేహమునకు, మనస్సునకు సంబంధించిన మర్యాద. ఏ పెద్దవాడును మూసిన గదిలోగాని, గుడారములోగాని ఒక్క పిల్లవానితో ఏకాంతముగా ఉండరాదు. ఎల్లప్పుడు ఇద్దరు పెద్దలు కనుచూపు మేరలో ఉండవలెను. బాలికలున్నచోట స్త్రీ కార్యకర్తలు ఉండితీరవలెను. కొట్టుట, భోజనము మాన్పించుట, నలుగురిలో అవమానించుట శిక్షణ కాదు. పిల్లలపై లైంగిక అత్యాచారములను అరికట్టుటకు 2012లో వచ్చిన పోక్సో చట్టము ప్రకారము అట్టి అపరాధము తెలిసినవాడు పోలీసువారికి తెలియజేసి తీరవలెను. దాచుటయు నేరమే. శిబిరపు పరువు, ఊరి పరువు అనుచు కప్పిపుచ్చుట మహాపాపము. ఆపదలోనున్న పిల్లలకు సహాయమిచ్చు 1098 సంఖ్యను పిల్లలకును, కార్యకర్తలకును కంఠస్థము చేయింపవలెను. చూచినది చూచినట్లు చెప్పిన చిన్న కార్యకర్తకు పెద్దలు అండగా నిలువవలెను. ఆ అండ లేనిచో ఈ నియమములన్నియు గోడమీది కాగితములే.

తైత్తిరీయోపనిషత్తున ఆచార్యుడు శిష్యుని సాగనంపుచు, మాలోని మంచి నడవడినే అనుసరింపుము, ఇతరమైనది వలదని చెప్పును. ఉపనిషత్కాలపు ఆచార్యుడే తనను గూర్చి అట్లు చెప్పగలిగినప్పుడు, శిబిరమున ఏ పెద్దవాడు తనను ప్రశ్నింపరాదనగలడు?

రామదండు చెప్పు పాఠము

మన గడ్డమీదనే జరిగిన ఒక ఉదాహరణము వినుడు. 1921లో చీరాల పేరాల ప్రజలు పురపాలక సంఘపు పన్నులను ధిక్కరించి, ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వమున ఇండ్లు విడిచి, ఊరివెలుపల రామనగరు అను పాకల ఊరిలో నెలల తరబడి నివసించిరి. అప్పుడు చీరాల గుంటూరు జిల్లాలోనిదే. గోపాలకృష్ణయ్య గారు రామదండు అను స్వచ్ఛందసేవకుల దళమును ఏర్పరచిరి. ఆ సంవత్సరమే బెజవాడలో జరిగిన అఖిలభారత కాంగ్రెసు సమావేశమున జనసమ్మర్దమును అదుపుచేసినవారు ఈ రామదండువారే. భక్తియు, క్రమశిక్షణయు ఒకటైనప్పుడు యువకులు ఏమి చేయగలరో వారు చూపిరి. అయితే నాయకుడు జైలుపాలై, ధనబలము తరిగి, ప్రభుత్వపు ఒత్తిడి పెరిగినప్పుడు ప్రజలు తిరిగి ఊరిలోనికి వెళ్ళక తప్పలేదు. వారి సంకల్పమున లోపములేదు. సంకల్పమును నిలబెట్టు సామగ్రి తరిగిపోయెను. సేవకుని ఉత్సాహమును చూచి మురియువారు అతని వెనుకనున్న బియ్యపు బస్తాను కూడ చూడవలెను.

మన బెల్లంకొండ దుర్గమునే చూడుడు. కొండవీటి రెడ్డిరాజుల కాలమున ప్రసిద్ధికెక్కి, 1515లో శ్రీకృష్ణదేవరాయల వశమైన ఈ కోటకు గోడలు మాత్రమే రక్షణయా? కొండపైని కావలివానికి నీరు, ధాన్యము చేరినంతకాలమే ఏ కోటయైనను కోట. అవి ఆగినచో గోడలు రాళ్ళగుట్ట మాత్రమే.

మనము చేయవలసినది

కనుక ఆస్తికులారా, ఈ వేసవిలో మీరు చేయదగిన సేవ కొంత గలదు. అన్నదానము చేయువారు పిల్లల పంక్తితోపాటు కార్యకర్తల పంక్తిని కూడ తలపుడు. వయస్సు మళ్ళినవారు, నిద్ర తక్కువైనవారు రాత్రి ఒక జాము కావలికి రండు. మీరు మేలుకొన్న ఒక్క జాము ఒక యువకునికి నిద్ర. వైద్యులు, నర్సులు దినమునకు ఒక గంట శిబిరమున కూర్చుండుడు. తల్లులు మజ్జిగ కుండలను పంపుడు. ఓర్పుగల పెద్ద ఒకరు, నిర్వాహకవర్గమునకు చెందనివారు, ప్రతి సాయంకాలము వెళ్ళి కార్యకర్తల కష్టసుఖములు వినుడు. పై అధికారికి చెప్పలేని మాటను పిల్లలు అట్టివారికే చెప్పుకొందురు.

కార్యకర్తలారా, మీకును ఒక మాట. అలసితిమని చెప్పుట అపచారము కాదు. నాకు తెలియదు, నాకు సహాయము కావలెను అనుట సేవాధర్మములోని భాగమే. మితముగా తినుట, మితముగా నిద్రించుట, మితముగా శ్రమించుట యోగమునకు మార్గమని గీత ఆరవ అధ్యాయమున భగవానుడే చెప్పెను. దశమస్కంధమున గోపబాలురు చల్దులు ఆరగించుచుండగా దూడలు కనబడకపోయెను. బాలురు భయపడిరి. శ్రీకృష్ణుడు మీరు తినుచుండుడని చెప్పి, చేతిలోని అన్నపు ముద్దతోనే తాను వెదకబోయెను. అది నాయకత్వము. మీరు పిల్లలకు అట్టి కృష్ణులు కండు. మీరు ముద్ద చేత బట్టుకొని లేచిపోయిన నాడు, ఆ ముద్దను మీరు తినునట్లు చూచుట మా పని.

2028లో కృష్ణవేణికి పుష్కరములు రానున్నవి. నేడు పదిపన్నెండేండ్ల పిల్లలే నాడు ఘట్టములలో వృద్ధుల చేయి పట్టుకొని మెట్లు దింపవలెను. తప్పిపోయిన బిడ్డలను తల్లుల ఒడికి చేర్పవలెను. తమను ఆదరముతో చూచిన కార్యకర్తలవద్ద పెరిగిన పిల్లలు ఆదరముతో సేవచేయుదురు. కసరుకొన్న కార్యకర్తలవద్ద పెరిగినవారు జనమును కసరుదురు. మనము ఈ వేసవిలో శిబిరమునకు పంపు మజ్జిగ కుండ ఆనాటి పుష్కరఘట్టమున తీర్థమై కనబడును.

విశ్వామిత్రుని వెంట వెళ్ళిన రామలక్ష్మణులు క్షేమముగా, అంతకంటె తేజస్సుతో తండ్రిని చేరినట్లు, మన బిడ్డలును, వారిని నడిపించు బిడ్డలును క్షేమముగా ఇల్లు చేరుదురుగాక యని శ్రీ సీతారామచంద్రులను ప్రార్థించుచు విరమించుచున్నాము.

స్వస్తి.